సేవ సాగాలంటే లెక్క తెలియాలి

మన జిల్లాల్లో పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థల్లో చాలావాటి ఆయుష్షు ఒక్క గ్రాంటు. మూడేళ్ల ప్రాజెక్టు వస్తుంది. ఇల్లు అద్దెకు తీసుకుంటారు, నలుగురిని పనిలో పెట్టుకుంటారు, పని ఊపందుకుంటుంది. మూడో ఏడు మార్చి దగ్గరపడేసరికి దాత సంస్థ నుంచి ఉత్తరం వస్తుంది, తమ ప్రాధాన్యాలు మారాయని. ఏప్రిల్ జీతాలకు డబ్బు ఎక్కణ్నుంచి తేవాలో తోచదు. పని నేర్చిన టీచరమ్మ ప్రైవేటు బడిలో చేరిపోతుంది. ఆమెను నమ్ముకుని బిడ్డను పంపిన తల్లి ఆ బిడ్డను మళ్లీ ఇంట్లోనే కూర్చోబెట్టుకుంటుంది. సంస్థ మూతపడితే నిర్వాహకులు ఇంకో పని వెతుక్కుంటారు. ఆ బిడ్డకు మాత్రం ఇంకో చోటు ఉండదు.

ఆ బిడ్డను దృష్టిలో పెట్టుకునే ఈ అధ్యాయం రాస్తున్నాను. సేవకు వ్యాపార దృష్టి తోడైతే సంస్థ నిలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. అయితే సామాజిక వ్యాపారం అనగానే చాలామంది ఆఫీసు పక్క గదిలో ఏదో ఒక దుకాణం పెట్టడమే అనుకుంటారు. కొవ్వొత్తులు పోయడం, ఫినాయిల్ కలపడం, అగరొత్తులు చుట్టడం మొదలుపెడతారు. దీపావళికి చేసిన కొవ్వొత్తుల్లో సగం సంక్రాంతి దాకా అట్టపెట్టెల్లోనే ఉంటాయి. ముడిసరుకు బేరం, టోకు కొట్టువాడి అప్పు, సరుకు అమ్మే మనిషి, ఇవన్నీ సేవ తెలిసినవాళ్లకు తెలియని విద్యలు. నా అభిప్రాయంలో సంస్థ సంపాదన దాని సేవలోంచే రావాలి. మీకు అందరికంటే బాగా చేతనైన పని ఏదో, డబ్బు కూడా అక్కడే వెతకాలి. ముందుగా ఆ పనికి నిజంగా ఎంత ఖర్చవుతోందో తెలియాలి.

ఒక్క బిడ్డకు నెలకు ఎంత

ఒక మండల కేంద్రంలో మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లల కోసం పగటి బడి నడుస్తోందనుకుందాం. 30 మంది పిల్లలు. నలుగురు ప్రత్యేక టీచర్లు, నెలకు తలా 16,000 చొప్పున 64,000. ఫిజియోథెరపిస్టుకు 25,000. ఇద్దరు ఆయాలకు 18,000. పిల్లలను తెచ్చి దింపే ఆటోలకు 22,000. మధ్యాహ్న భోజనం ఒక్కొక్కరికి రోజుకు 35 రూపాయలు, 24 రోజులకు 25,200. కరెంటు, ఫోను, బొమ్మలు, కాగితాలు కలిపి 6,000. ఆడిటరుకు, లెక్కలు రాసే మనిషికి 4,800.

ఈ జాబితాలో రెండు ఖర్చులు లేవు. చాలా సంస్థలు వాటిని ఎప్పుడూ రాయవు. ఇల్లు ఎవరో దాత ఊరికే ఇచ్చారు కనుక అద్దె సున్నా అని వేస్తారు. ఆయన కొడుకు రేపు ఆ స్థలం అమ్ముకుంటే? ఆ వీధిలో అలాంటి ఇంటికి అద్దె 15,000 ఉంటే 15,000 రాయాలి. దాంతో మొత్తం 1,80,000 అవుతుంది. తలకు 6,000. రెండోది, సంస్థను నడిపే మీరు జీతం తీసుకోవడం లేదు. మీ త్యాగానికి చేతులెత్తి దండం పెడతాను, కానీ లెక్కలో దాన్ని దాచకండి. రేపు మీకు ఒంట్లో బాగోలేక తప్పుకుంటే, ఆ పని చేయడానికి వచ్చే మనిషికి 30,000 ఇవ్వాలి. అది కూడా కలిపితే 2,10,000. అంటే ఒక్క బిడ్డకు నెలకు 7,000 రూపాయలు.

ఈ 7,000 అన్న సంఖ్య చేతిలో ఉంటే మీ మాట తీరే మారుతుంది. దాత దగ్గరికి వెళ్లి "ఏదో తోచినంత ఇవ్వండి" అనరు, "ఒక బిడ్డకు ఏడాదికి 84,000 అవుతుంది, అందులో మీరు ఎంత భరించగలరు?" అంటారు. కార్పొరేట్ కంపెనీ ఒక్కో బిడ్డకు 3,000 ఇస్తానంటే, మిగతా 4,000 ఎక్కణ్నుంచి వస్తుందో తేలాకే ఒప్పుకుంటారు. తక్కువకు ఒప్పుకుని, ఆ లోటును టీచర్ల జీతాల్లోంచి పూడ్చే అలవాటు మన రంగంలో బాగా పాతుకుపోయింది. పేదలకు సేవ చేసేవాళ్లు పేదలుగానే ఉండాలన్న ఆ ఆలోచన నాకు బాధ కలిగిస్తుంది. మంచి టీచరు నిలబడని బడిలో పిల్లలకు ఒరిగేది ఏమీ ఉండదు.

ఇక ఆదాయం. ఈ బడికి ఉన్న అసలైన ఆస్తి ఆ ఫిజియోథెరపిస్టు, ఆ నలుగురు టీచర్లు. పట్నంలో ఇలాంటి పిల్లలున్న, డబ్బు కట్టగల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లు ఇప్పుడు జిల్లా కేంద్రం దాకా బస్సులో వెళ్లి వస్తున్నారు. సాయంత్రం బడి వదిలాక రోజుకు అయిదుగురికి, తలా 400 ఫీజుతో థెరపీ ఇస్తే నెలకు 120 సార్లు, 48,000 వస్తుంది. అదనంగా పనిచేసినందుకు అందులో నూటికి నలభై వంతు, 19,200, థెరపిస్టుకు ఇవ్వండి. బడికి 28,800 మిగులుతుంది. నలుగురు పిల్లల నెల ఖర్చు వెళ్లినట్టే. మొదటి ఆరు నెలలు సగమే నిండుతుందని లెక్క వేసుకోండి, అప్పుడు 14,400, ఇద్దరు పిల్లలు. ఇలాగే ప్రైవేటు బడుల టీచర్లకు శిక్షణ ఇవ్వవచ్చు. చదువులో వెనకబడే పిల్లలను పరీక్షించి ఏ సాయం కావాలో చెప్పే పని ఆ బడులకు ఫీజు తీసుకుని చేయవచ్చు. ఇవేవీ మీ బాట తప్పించే పనులు కావు. సాయంత్రం చూసిన ప్రతి బిడ్డతో మీ థెరపిస్టు చేయి మరికొంత తిరుగుతుంది. ఆ అనుభవం పొద్దున్న బడి పిల్లలకే పనికొస్తుంది.

మీ బడి పిల్లల తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకోవాలా అన్నది సున్నితమైన విషయం. కూలికి వెళ్లే ఒక తల్లి ఇలాంటి బడిలోనే నాతో అన్న మాట మరచిపోలేను. "ఊరికే చెప్తున్నారంటే అడగడానికి నోరు రాదు సార్. నెలకు రెండొందలు తీసుకోండి, అప్పుడు మావాడికి ఏం నేర్పారని అడుగుతా." రెండు వందలు సంస్థకు పెద్ద ఆదాయం కాదు. ఆమెకు అడిగే హక్కు ఇస్తున్నాయి కాబట్టి తీసుకోవచ్చు. అదీ ఇవ్వలేని ఇంటి నుంచి మాత్రం ఏమీ అడగకూడదు. ఎవరు ఎంత కడుతున్నారో తరగతి గదిలో ఎవరికీ తెలియకూడదు. ఒకే బెంచీ, ఒకే భోజనం.

మదురైలో ఏం జరిగింది

ఉచితం, చెల్లింపు ఒకే చూరు కింద ఇమడవన్నవాళ్లకు అరవింద్ కంటి ఆస్పత్రి చరిత్ర చదవమని చెబుతాను. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, 58 ఏళ్ల వయసులో, 1976లో మదురైలో 11 పడకలతో ఆ ఆస్పత్రి పెట్టారు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా ఆ చేతులతోనే కంటి ఆపరేషన్లు చేయడం నేర్చుకున్న మనిషి ఆయన. డబ్బు చాలకపోతే ఇంట్లో ఆడవాళ్ల నగలు తాకట్టు పెట్టారు. మొదటి రోజు నుంచీ నియమం ఒక్కటే. కట్టగలిగినవాళ్లు కడతారు, ఆ మిగులుతో కట్టలేనివాళ్ల చూపు తిరిగి వస్తుంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం, డబ్బు కట్టినవాడికి అదనంగా ఏం దొరుకుతుందన్నది. విడి గది, పరుపు, కాస్త ఏకాంతం దొరుకుతాయి. డాక్టర్లు మాత్రం రెండు వైపులా వంతులవారీగా తిరుగుతారు కాబట్టి ఆపరేషన్ చేసే చేయి అదే. పేదవాడినని రుజువు చేసే కాగితం ఎవరూ అడగరు. ఎటువైపు వెళ్లాలో రోగే తేల్చుకుంటాడు. రేషను కార్డు చూపించు, సర్పంచ్ సంతకం తీసుకురా అని తిప్పే మన పద్ధతితో పోల్చి చూడండి. ఆ కాగితాలు చూడటానికి పెట్టే గుమాస్తా జీతం కంటే, కట్టగలిగి కూడా ఉచితంగా చేయించుకునే కొద్దిమంది వల్ల వచ్చే నష్టం తక్కువేనని నేను అనుకుంటాను.

మిగులు ఎలా వచ్చిందన్నది ఇంకా ముఖ్యం. ఫీజులు పెంచి కాదు, ఒక్కో ఆపరేషన్ ఖర్చు తగ్గించి. థియేటర్‌లో సర్జన్‌కు రెండు బల్లలుంటాయి. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుండగానే రెండో బల్ల మీద రోగిని సిద్ధం చేస్తారు. సర్జన్ ఇటు ముగించి అటు తిరుగుతాడు. కంటి కొలతలు, మందు చుక్కలు, రోగికి వివరించడం లాంటి పనులన్నీ పల్లెల నుంచి వచ్చి అక్కడే శిక్షణ పొందిన అమ్మాయిలు చేస్తారు. డాక్టరు చేయి డాక్టరు మాత్రమే చేయగల పనికే వాడతారు. కంట్లో అమర్చే లెన్సులు దిగుమతి ధరకు పేదలకు అందవని తేలాక, 1992లో ఆరోల్యాబ్ పేరుతో సొంతంగా లెన్సులు తయారుచేయడం మొదలుపెట్టారు. దిగుమతి ధరలో చిన్న భాగానికే లెన్సు దొరికింది. ఇప్పుడు అవి వందకు పైగా దేశాలకు వెళుతున్నాయి. సేవలో ఎదురైన అడ్డంకి నుంచే ఆ పరిశ్రమ పుట్టింది.

మీ సంస్థలో ఇలాంటి రెండో బల్ల ఎక్కడ వేయవచ్చో చూడండి. ఒక వారం రోజులు మీ అత్యంత నిపుణుడైన మనిషి గంటలను కాగితం మీద రాయండి. నాకు తెలిసిన చాలా చోట్ల ప్రత్యేక శిక్షణ పొందిన టీచరు ఫొటోలకు శీర్షికలు రాస్తూ, దాతలకు పంపే రిపోర్టు టైపు చేస్తూ, రోజులో మూడోవంతు పోగొట్టుకుంటుంది.

హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఇదే సూత్రాన్ని పల్లెలకు తీసుకెళ్లింది. సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలంతో, విరాళంతో మొదలైన సంస్థ అది. 50,000 జనాభాకు ఒక విజన్ సెంటర్, అయిదు లక్షలకు ఒక చిన్న ఆస్పత్రి, 50 లక్షలకు ఒక పెద్ద ఆస్పత్రి, వాటన్నిటిపైన అయిదు కోట్లకు ఒక ఉన్నత కేంద్రం అని వాళ్లు మెట్లు కట్టుకున్నారు. విజన్ సెంటర్‌లో ఉండేది ఆ ప్రాంతపు యువకుడో యువతో. ఏడాది శిక్షణ పొంది, కళ్లు పరీక్షించి, కళ్లద్దాలు ఇస్తారు. ఆ కళ్లద్దాల అమ్మకంతోనే సెంటర్ నిలదొక్కుకునే దారి చూసుకున్నారు. కంటి పరీక్ష చేసే గదిలోనే అద్దాలమ్మడం, సేవ నడిబొడ్డున సంపాదన ఉండటమంటే ఇదే.

సొంత కష్టంలోంచి పుట్టే వ్యాపారం

బంగ్లాదేశ్‌లో ఫజ్లే హసన్ అబెద్ 1972లో స్థాపించిన బ్రాక్ అనుభవం మరో మేలిమి ఉదాహరణ. మాణిక్‌గంజ్ ప్రాంతంలో పేద ఆడవాళ్లు పట్టు నేసి ఢాకా దుకాణాలకు ఇచ్చేవాళ్లు. సరుకు అమ్ముడయ్యాక గానీ డబ్బు చేతికి వచ్చేది కాదు, నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు. ఆ ఎదురుచూపు తప్పించడానికే 1978లో ఆరోంగ్ దుకాణాలు పుట్టాయి. తర్వాత అప్పు తీసుకుని ఆవులు కొన్న ఆడవాళ్లకు పాలకు ధర రావడం లేదని పాల డెయిరీ పెట్టారు. వ్యాపారం చేయాలన్న సరదాతో కాదు, తాము సాయం చేసినవాళ్లు ఎక్కడ చిక్కుకున్నారో అక్కడే వ్యాపారం మొదలైంది. ఏ వ్యాపారం పెట్టాలి అని నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే: మీ దగ్గరికి వచ్చేవాళ్లు మీ సాయం అందుకున్నాక కూడా ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి.

అనంతపురం నేలలో టింబక్టు కలెక్టివ్ చేసిందీ అదే. 1990లో బంజరు భూమిని పచ్చగా చేయడంతో మొదలుపెట్టి, రైతులు సేంద్రియంగా పండించిన కొర్రలకు, వేరుశనగకు మార్కెట్ లేదని చూసి, 2008లో ధరణి అనే రైతుల సహకార సంఘానికి దారి తీసింది. అమ్మకం పని సేవా సంస్థ చేతిలో కాక, రైతులే సభ్యులైన విడి సంఘం చేతిలో పెట్టడం నాకు నచ్చిన విషయం. లాభం వచ్చినా నష్టం వచ్చినా నిర్ణయం రైతుదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో తెచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఇలాంటివాటికి ప్రభుత్వ జోక్యం లేకుండా నడిచే వీలు కల్పించింది. మన రాష్ట్రాల్లో ఆ వీలును వాడుకోవలసినంతగా వాడుకోలేదు.

పెరుగుదల దారి తప్పినప్పుడు

ఈ దారిలో గుంట ఎక్కడుందో కూడా తెలుగువాళ్లకు బాగా తెలుసు. ఎస్‌కేఎస్ సంస్థ 1997లో లాభాపేక్ష లేని సంస్థగానే పుట్టి, మెదక్ జిల్లాలో పేద ఆడవాళ్లకు చిన్న అప్పులివ్వడం మొదలుపెట్టింది. 2005లో ఫైనాన్స్ కంపెనీ అయింది. 2010లో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. అదే ఏడు అక్టోబరులో, మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల ఒత్తిడి మీద, ఆత్మహత్యల మీద గగ్గోలు పుట్టి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. రాష్ట్రంలో ఆ రంగమంతా కుప్పకూలింది. అప్పుల సంఖ్య పెరగడాన్నే విజయంగా కొలిచే పద్ధతిలో ఒక ఇంటికి నలుగురు అప్పులిచ్చినా, ఆ ఇంటి కష్టం ఏ లెక్కలోనూ కనబడదు. కాబట్టి మీ బోర్డు ముందుకు వెళ్లే కాగితంలో ఆదాయం పక్కనే, మీరు ఎవరి కోసం పుట్టారో వాళ్ల పరిస్థితి కూడా ఒక వరసగా ఉండాలి. సాయంత్రం థెరపీకి వచ్చే డబ్బు పెరుగుతూ, పొద్దున్న బడిలో పేద పిల్లల సంఖ్య 30 నుంచి 22కు పడిపోతే, అది ఎదుగుదల కాదని ఆ కాగితం చెప్పాలి.

అసలు ధర కట్టకూడని పనులూ ఉన్నాయి. దెబ్బలు తిని అర్ధరాత్రి వచ్చిన ఆడమనిషికి ఇచ్చే ఆశ్రయానికి, వెట్టి నుంచి విడిపించిన పిల్లవాడి చదువుకు ఫీజు ఉండదు, ఉండకూడదు. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్‌లో శాంతా సిన్హా నాయకత్వంలో జరిగిన పని చూడండి. పనిలో ఉన్న పిల్లలను మాన్పించి, శిబిరాల్లో చదువు అందించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. ఆ పని వ్యాపారంగా పెరగలేదు. ఆ శిబిరాల ఆలోచనను ప్రభుత్వ విద్యా పథకాలు అందిపుచ్చుకున్నాయి. అది కూడా నిలవడమే. మీ పని అలాంటిదైతే మీ శ్రమ ఆదాయం మీద కాక, కలెక్టరు కార్యాలయానికి చూపగల రుజువుల మీద పెట్టండి.

ఆడిటరు దగ్గర ఒక పూట

డబ్బు తీసుకోవడం మొదలుపెట్టకముందే ఆడిటరు దగ్గర కూర్చోండి. విద్య, వైద్యం, పేదలకు సాయం అన్న లక్ష్యాలున్న ట్రస్టు తన పనికి అనుబంధంగా ఆదాయం సంపాదించవచ్చు, కానీ దానికి విడిగా ఖాతాపుస్తకాలు రాయాలి. సాధారణ ప్రజా ప్రయోజనం అన్న విభాగంలో ఉన్నవాళ్లకు వ్యాపార తరహా రాబడి మొత్తం రాబడిలో నూటికి 20 దాటితే ఆ ఏడాదికి పన్ను మినహాయింపు పోతుంది. మీది ఏ విభాగమో, టీచర్ల శిక్షణ ఫీజు మీద జీఎస్టీ పడుతుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. విదేశీ నిధులు తీసుకునేవాళ్లకు 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది, దాన్ని లెక్కలో వేసుకోండి.

రాబడిలో 85 శాతం ఆ ఏడాదే సేవకు ఖర్చు పెట్టాలని చట్టం అంటుంది. మిగతా 15 శాతం దాచుకోవచ్చు. మన సంస్థలు దాన్నీ ఖర్చుపెట్టేస్తాయి, బ్యాంకులో డబ్బుంటే దాతలు ఇవ్వరేమోనన్న భయంతో. విత్తనాలకని దాచిన వడ్లను ఏ రైతూ వండుకోడు. ఆరు నెలల జీతాలకు సరిపడా నిధి చేరేదాకా ఆ 15 శాతాన్ని ముట్టుకోకండి.

పాత దాతలను అడగాల్సింది కూడా మారాలి. రోజువారీ ఖర్చులకు అడిగే బదులు, సంపాదన మొదలుపెట్టడానికి పెట్టుబడి అడగండి. ఇలా రాయవచ్చు:

"అయ్యా, గత మూడేళ్లు మీరిచ్చిన డబ్బు పిల్లల భోజనానికి వాడాం. ఈ ఏడు అంతే మొత్తంతో సాయంత్రం థెరపీ గదికి సామగ్రి కొనాలనుకుంటున్నాం. ఆరు నెలల్లో ఆ గది ఇద్దరు పిల్లల ఖర్చు, రెండో ఏడు నలుగురి ఖర్చు భరిస్తుందని మా అంచనా. లెక్క జతచేశాం. ఈ ఏడు భోజనాల డబ్బు ఇంకో దాత ఇస్తానన్నారు. ప్రతి మూడు నెలలకూ నిజంగా ఎంత వచ్చిందో మీకు పంపుతాం."

చివరి వాక్యం రాస్తే తప్పక పాటించాలి. మూడు నెలలు గడిచాక 180 సార్లు జరుగుతుందనుకున్న థెరపీ 110 సార్లే జరిగితే, 110 అనే రాసి పంపండి. కింద రెండు వాక్యాలు చేర్చండి: పరీక్షల రోజుల్లో సాయంత్రాలు పిల్లలు రాలేదు, వచ్చే నెల నుంచి పొద్దున్నే ఏడింటికి మారుస్తున్నాం.